వెనకాలే దూరేవాళ్లను గేటు ఎందుకు ఆపదు?

రైల్వే స్టేషన్లలో టికెట్ గేట్ల మీద, టికెట్ ఎగ్గొట్టేవాళ్ల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని ఇవి. గేటు యంత్రాల మరమ్మతు, గేటు దగ్గర డ్యూటీ రెండూ తెలిసినవాళ్లు జవాబులు రాశారు.

ప్రశ్న: నేను కార్డు పెట్టి గేటు దాటుతుంటే నా వీపుకి ఆనుకుని ఇంకొకతను కూడా దూరిపోయాడు. గేటు కుయ్యిమని మోగింది కానీ మూసుకోలేదు. సెన్సర్లు పాడైనట్టేనా?

పాడవలేదు. అవి వాటి పని చేశాయి. గేటుకి అటూ ఇటూ ఉండే పెట్టెల్లో పరారుణ కిరణాలు పంపే కళ్లు ఒక పక్క, వాటిని అందుకునే కళ్లు రెండో పక్క జంటలుగా ఉంటాయి. మడమ ఎత్తులో కొన్ని, మోకాలి ఎత్తులో కొన్ని, నడుము దగ్గర కొన్ని. మనిషి నడిచేటప్పుడు ఇవి వరసగా తెగుతూ, వరసగా కలుస్తూ పోతాయి. తెగిన కిరణాల వెనక కాస్త ఖాళీ కనిపించి, మళ్లీ తెగితే రెండో మనిషి వచ్చినట్టు కంట్రోలర్ లెక్క వేస్తుంది. వచ్చినవాడు మీ వీపుకి అతుక్కుని అడుగులో అడుగు వేస్తే ఆ ఖాళీయే ఉండదు. యంత్రం కంటికి మీరిద్దరూ కలిసి ఒక పొడుగాటి మనిషి. పైనుంచి లోతు కొలిచే కెమెరాలున్న కొత్త గేట్లు తలలు లెక్కపెడతాయి కాబట్టి ఈ విషయంలో కొంత మెరుగు.

అసలు చిక్కు కనిపెట్టడంలో లేదు, మూయడంలో ఉంది. రెక్కలు కలిసే చోట ఉండే కిరణాలది వేరే పని. అక్కడ ఏది అడ్డున్నా రెక్క కదలకూడదు. లేకపోతే పసిపిల్ల మొహానికో, ముసలాయన చేతికర్రకో తగులుతుంది. రెండోవాడు దూరింది మీరింకా ఆ జాగాలో ఉండగానే. ఇద్దరొచ్చారని గేటుకి తెలిసినా మూసే వీలు లేదు, మోగడం ఒక్కటే దాని చేతిలో ఉంది. డబ్బు కట్టినవాళ్ల ఒళ్లే కట్టనివాడికి డాలు అవుతుంది.

సెన్సర్లను ఇంకా బిగిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. బిగిస్తే చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చేవాళ్లంతా ఇరుక్కుంటారు. వెనక వచ్చే పెట్టె యంత్రానికి రెండో మనిషిలానే కనిపిస్తుంది. అందుకే పెట్టెను వెనక ఈడ్వకుండా ముందు తోసుకుంటూ వెళ్లండి, పిల్లల్ని కూడా మీ ముందు నడిపించండి. ఇంకొక మాట. సెన్సర్ల అద్దాల మీద దుమ్ము పేరుకున్నా, ఒక జంట కాస్త పక్కకి తిరిగినా గేటు ఉత్తినే మోగుతుంటుంది. రోజుకి వందసార్లు ఉత్తినే మోగే గేటు వైపు ఏ ఉద్యోగీ తల తిప్పడు. ఎగ్గొట్టేవాడికి అంతకన్నా మంచి గేటు ఇంకెక్కడ దొరుకుతుంది? కాబట్టి అద్దాలు తుడవడం కూడా ఆదాయం కాపాడే పనే.

మీ విషయానికొస్తే, అతను దూరినందుకు మీ కార్డులో రెండోసారి డబ్బు పోదు. అతన్ని ఆపే బాధ్యత కూడా మీది కాదు.

ప్రశ్న: గేటు డ్యూటీలో కొత్తగా చేరాను. ఎవరైనా నా కళ్లముందే గేటు దూకితే నేనేం చేయాలి? పట్టుకోకపోతే చేతగానివాడినంటారు, పట్టుకుంటే గొడవ.

పట్టుకోవద్దు. గేటు మీద గాల్లో ఉన్న మనిషిని లాగితే అతను రెక్కల మీదో నేల మీదో పడతాడు, ఆ దెబ్బకి జవాబు మీరు చెప్పాలి. అతని జేబులో ఏముందో మీకు తెలియదు. ఒక టికెట్ డబ్బు కోసం మీ ఒళ్లు పణంగా పెట్టమని బుద్ధున్న ఏ సంస్థా చెప్పదు.

దూకాక చేసేదానికన్నా దూకకముందు చేసేదే ఎక్కువ. వెడల్పు గేటు పక్కన, దారికి అడ్డం కాకుండా, కాస్త ఓరగా నిలబడండి. ఫోను జేబులో ఉండాలి. వచ్చేవాళ్ల మొహాలు గేటుకి పది అడుగుల దూరంలో ఉండగానే మీకు కనబడాలి. ఎగ్గొట్టేవాడు ముందు చూసేది గేటుని కాదు, మిమ్మల్ని. మీ కళ్లు అతని కళ్లతో కలిసి, మీరు మామూలుగా ‘నమస్కారమండి’ అంటే సగంమంది జేబులు తడుముకుంటూ టికెట్ మిషన్ వైపు తిరుగుతారు. తప్పు చేయని ప్రయాణికుడికి అది మర్యాద, చేయబోయేవాడికి హెచ్చరిక. ఎవరినీ అనుమానించినట్టు ఉండదు.

అయినా దూకాడనుకోండి. ఒకేసారి, వినిపించేలా, కోపం లేకుండా ‘టికెట్ అక్కడ ఇస్తారండీ, తీసుకుని రండి’ అనండి. ఆగితే రెండు చేతుల దూరం ఉంచి మాట్లాడండి. అతనికీ బయటి దారికీ మధ్య మీరు నిలబడొద్దు. పారిపోయే దారి మూస్తేనే మనిషి తిరగబడతాడు. ‘టికెట్ లేదా?’ అని అడగకండి, దానికి ‘ఉంది, పోయింది’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఎక్కడ ఎక్కారండీ?’ అని అడగండి. నిజంగా పోగొట్టుకున్నవాళ్లు స్టేషన్ పేరు టక్కున చెప్పేస్తారు. లేనివాళ్లు ముందు గోడ మీద ఉన్న మ్యాపు వైపు చూస్తారు. ‘దొంగ’ అన్న మాట మాత్రం నోట రాకూడదు. ఆ ఒక్క మాటతో టికెట్ గొడవ కాస్తా పరువు గొడవ అవుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు అతని పక్షం చేరతారు.

ఆగకుండా వెళ్లిపోతే వెంటపడొద్దు. మీరు అటు పరిగెత్తితే ఇటు గేటు ఖాళీ, వెనక ఇంకో నలుగురు దూరతారు. వెంటనే కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: టైము నిమిషంతో సహా, గేటు నంబరు, లోపలికా బయటికా, ఎలా దాటాడో. వేసుకున్న బట్టలు చివర్లో రాసినా చాలు. టైము సరిగ్గా ఉంటే కెమెరా రికార్డింగులో క్షణాల్లో దొరుకుతుంది, ‘సాయంత్రం పూట’ అని రాస్తే ఎవరూ వెతకరు. రికార్డింగులు కొన్నాళ్లకు చెరిగిపోతాయి కాబట్టి డ్యూటీ దిగేలోపే కాపీ అడిగి పెట్టండి.

ఆ కాగితాలు నెల రోజులు పోగుపడితే ఒక ఆకారం కనిపిస్తుంది. రోజూ ఎగ్గొట్టేవాళ్లు ఉద్యోగస్తుల్లాగే టైముకి వస్తారు, అదే రైలు, అదే గేటు. ఆ పావుగంటలో తనిఖీ సిబ్బంది ఇద్దరు నిలబడితే నెలంతా గేటు దగ్గర అరిచినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. ఇద్దరున్నప్పుడు ఒకరే మాట్లాడాలి, రెండోవారు చుట్టూ చూస్తుండాలి. ఒంటి మీద కెమెరా ఉంటే ‘ఇది రికార్డవుతోందండి’ అని ముందే చెప్పాలి.

గుంపు వస్తే లెక్క వేరు. వెడల్పు గేటు తెరిచి, పక్కకి తప్పుకుని, అలారం నొక్కండి. అలా వదిలేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టే పైఅధికారి ఉంటే నేర్చుకోవాల్సింది ఆయనే.

ప్రశ్న: మనిషెత్తు అద్దాల గేట్లు అన్నిచోట్లా పెట్టేస్తే ఈ బాధ ఉండదు కదా?

దూకడం, కింద నుంచి పాకడం తగ్గుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో నడిచే బార్ట్ రైళ్లకి పాత గేట్లు నడుము ఎత్తువి, తేలిగ్గా దూకేసేవాళ్లు. 2023 డిసెంబరులో వెస్ట్ ఓక్లాండ్ స్టేషన్‌తో మొదలుపెట్టి, వాటి స్థానంలో ఎత్తైన పారదర్శక రెక్కల గేట్లు పెట్టారు. కానీ వెనకాలే దూరడం ఎత్తుతో ఆగేది కాదు. కారణం మొదటి జవాబులోనే ఉంది.

పైగా పక్కనే ఇంకో తలుపు ఉంటుంది. మంటలొస్తే జనం బయటపడాలి కాబట్టి అత్యవసర ద్వారం లోపలి నుంచి నెట్టగానే తెరుచుకోవాలి. న్యూయార్క్ సబ్‌వేకి పెద్ద తలనొప్పి అదే. బయటికి వెళ్లే ఒకరు ఆ తలుపు తోస్తే, బయట కాచుకున్న పదిమంది లోపలికి వచ్చేస్తారు. అక్కడ 2024లో కొన్ని స్టేషన్లలో, తోసిన 15 సెకన్లకి గానీ తెరుచుకోని తలుపులు పెట్టి చూశారు. సామాను, చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉన్నవాళ్లకోసం పెట్టే వెడల్పు గేటు కూడా ఇలాంటి సందే. దారి వెడల్పు, నెమ్మదిగా నడిచేవాళ్లకోసం ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. మనిషిని ఒక్కచోటే పెట్టగలిగితే అక్కడే పెట్టాలి.

ప్రశ్న: రాత్రిపూట గేట్లన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఎందుకలా?

గేటులో ఎవరైనా ఇరుక్కుంటే విడిపించడానికి, ప్రమాదమొస్తే అన్నీ ఒక్కసారిగా తెరవడానికి దగ్గర్లో మనిషుండాలి. లేనప్పుడు తెరిచి పెట్టడమే క్షేమం. కరెంటు పోయినా గేటు తెరుచుకునేలానే తయారుచేస్తారు. తెరిచి ఉంది కదా అని కార్డు పెట్టకుండా రాకండి. దూరాన్ని బట్టి డబ్బు తీసుకునే చోట, దిగాక మీ కార్డులో ఎక్కిన గుర్తు ఉండదు.

ప్రశ్న: జపాన్‌లో టికెట్ ఎగవేతకి పొగాకు గొట్టం పేరు పెట్టారని విన్నాను. నిజమేనా?

నిజమే. ‘కిసెరు’ అంటే పొగాకు పీల్చే సన్నని గొట్టం. నోట్లో పెట్టుకునే కొన, పొగాకు కూరే గిన్నె లోహంతో చేస్తారు, మధ్యలో ఉండేది వట్టి వెదురు. ఎక్కే చోట దగ్గరి స్టేషన్‌కి ఒక టికెట్, దిగే చోట దగ్గరి స్టేషన్ నుంచి ఇంకో టికెట్ లేదా పాసు, నడుమ ఉన్న దూరమంతా ఉచితం. రెండు కొనల్లోనే లోహం. ‘కనె’ అన్న మాటకి జపనీస్‌లో లోహం, డబ్బు రెండు అర్థాలూ ఉన్నాయి కాబట్టి పేరు ఇంకా బాగా అతికింది.

గేటు దగ్గర దూకడం అందరికీ కనబడుతుంది, ఇది కనబడదు. దీనికి మందు కూడా గేటే. ఒసాకా దగ్గరి కితాసెన్రి స్టేషన్‌లో 1967లోనే ఆటోమేటిక్ గేట్లు వచ్చాయి. తర్వాతి కాలపు గేట్లు లోపలికి వచ్చేటప్పుడు టికెట్ మీదో కార్డులోనో ఎక్కిన స్టేషన్ రాస్తాయి. దిగేటప్పుడు ఆ రాత లేకపోతే రెక్క మూసుకుంటుంది. గేట్లు లేని చిన్న స్టేషన్ ఒక కొనలో ఉంటే మాత్రం ఈ కట్టు తెగిపోతుంది. అప్పుడు రైల్లో తనిఖీ ఒక్కటే దిక్కు.

ప్రశ్న: నేను ఎగ్గొట్టలేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే బ్యాంకు కార్డు వాడాను, అయినా రెండు పూర్తికాని ప్రయాణాలని చూపించి ఎక్కువ డబ్బు కోశారు.

ఒకచోట ఫోను, ఇంకోచోట అసలు కార్డు పెట్టి ఉంటారు. ఫోనులో వేసిన కార్డుకి వేరే నంబరు ఉంటుంది. బ్యాంకు ఖాతా ఒకటే అయినా గేటు కంటికి ఇద్దరు మనుషులు: ఒకరు ఎక్కి దిగలేదు, ఇంకొకరు ఎక్కకుండా దిగారు. ఏది పెట్టి లోపలికి వెళ్లారో దాన్నే పెట్టి బయటికి రండి. పర్సు మొత్తం ఆనించినా ఇదే ముప్పు. లోపల ఉన్న రెండు కార్డుల్లో ఏది ముందు పలికితే దానికే పడుతుంది. రెక్క తెరుచుకోకపోతే మళ్లీ మళ్లీ ఆనించకండి. ఒకసారి దాటినట్టు రాసుకున్న కార్డుని అదే వైపు నుంచి కాసేపు గేటు ఒప్పుకోదు. సిబ్బందిని పిలవండి.

జరిమానా వేసినా అక్కడే వాదన పెంచకుండా రసీదు తీసుకుని, గడువులోపు అప్పీలు చేయండి. ఇంగ్లాండు రైళ్లలో 2023 జనవరి నుంచి టికెట్ లేని ప్రయాణికుడికి జరిమానా 100 పౌండ్లు, దాని మీద ప్రయాణపు ఛార్జీ. 21 రోజుల్లో కడితే ఆ 100 సగమవుతుంది, అప్పీలుకి కూడా అంతే గడువు. అది పొరపాటుకి. మోసం చేసే ఉద్దేశం ఉందని తేలితే 1889 నాటి చట్టం కింద కోర్టు కేసు వేరు. అందుకే తనిఖీవాళ్లు మీరు చెప్పిన మాటల్ని ఉన్నదున్నట్టు రాసుకుంటారు. నోటికొచ్చిన సాకు చెప్పడం కన్నా జరిగింది చెప్పడమే లాభం.

ప్రశ్న: జర్మనీలో అసలు గేట్లే లేవట. అందరూ ఎగ్గొట్టరా?

అక్కడ ప్లాట్‌ఫారం మీదికి ఎవరైనా వెళ్లొచ్చు, రైల్లో మాత్రం టికెట్ దగ్గర ఉండాలి. మామూలు బట్టల్లో వచ్చే తనిఖీవాళ్లకి దొరికితే 60 యూరోలు. లెక్క చూడండి: టికెట్ 3 యూరోలైతే జరిమానా దానికి 20 రెట్లు. 20 ప్రయాణాల్లో ఒక్కసారి దొరికినా ఎగ్గొట్టి మిగిలేది సున్నా, అంతకన్నా తరచుగా దొరికితే నష్టమే. తనిఖీ పలచబడి 40 ప్రయాణాలకి ఒకసారి అయిందంటే, జరిమానా 120 చేస్తే గానీ త్రాసు సమానం కాదు. గేట్లు తీసేసిన చోట ఆ డబ్బు తనిఖీ మనుషుల జీతాలకి పోవాలి. ఆ మనుషుల్నీ తగ్గిస్తే ఇక టికెట్ కొనేది కొనాలనుకున్నవాళ్లే.