సొంతంగా విమానం కట్టుకోవాలంటే: కిట్టా, ప్లాన్సా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్రిటన్‌లో ఒక మలయాళీ ఇంజినీరు కిట్ (ముందే తయారుచేసిన భాగాల పెట్టె) తెప్పించుకుని నాలుగు సీట్ల విమానం కట్టుకున్న వార్త చూసినప్పటి నుంచి మీకూ కట్టాలని ఉంది. కిట్ ధరలు చూసి వెనక్కి తగ్గారు. ప్లాన్స్, అంటే డ్రాయింగులు మాత్రం కొని, సరుకు మీరే తెచ్చుకుని మొదటి నుంచి కడితే చౌకలో తేలుతుందా, వడ్రంగం రానివాళ్ళకి అయ్యే పనేనా అని.

అయ్యే పనే. చౌక సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. ఆ ఒక్క కారణంతో మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మధ్యలో ఆపేయడం చూశాను. నేను షికాగో దగ్గర మా ఇంటి గరాజ్‌లో పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్ అనే రెండు సీట్ల చెక్క విమానాన్ని ప్లాన్స్ చూసి కట్టాను. అది ఇప్పుడు ఎగురుతోంది. కాబట్టి తెలిసినంత వరకు వివరంగానే రాస్తున్నాను.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. కిట్‌కి ఇంజిను, మీటర్లు, రేడియో, రంగు అన్నీ కలిపితే లక్ష డాలర్లు దాటడం ఇప్పుడు మామూలైపోయింది. ప్లాన్స్ కొన్ని వందల డాలర్లలో వచ్చేస్తాయి. చెక్క, ప్లైవుడ్, జిగురు, స్టీలు రేకు, బోల్టులు ఏ నెలకానెల జీతంలోంచి కొనుక్కోవచ్చు. అప్పు చెయ్యక్కర్లేదు, ఒక నెల చేతిలో డబ్బు లేకపోతే ఆ నెల పని ఆగుతుంది, అంతే. ప్లాన్స్‌లో ఉన్న నిజమైన వెసులుబాటు ఇది. కానీ ఇంజిను దగ్గరికి వచ్చేసరికి కిట్ వాడికీ మనకీ తేడా ఏమీ ఉండదు. రెక్కల మీద వేసే గుడ్డ, దాని రసాయనాలు, రంగు కూడా అంతే. ఇక గంటలంటారా, వెయ్యికి తగ్గవు. రెండు వేలు దాటినవాళ్ళు బోలెడుమంది.

అసలు తేడా వేరే చోట ఉంది. కిట్ పెట్టె విప్పితే, అందులోని ప్రతి ముక్కనీ ఎవరో ముందే చూసి, ఇది సరిపోతుందని తేల్చి పంపి ఉంటారు. ప్లాన్స్‌తో కట్టేటప్పుడు ఆ తేల్చాల్సింది మీరే. కొయ్యడం, చిత్రిక పట్టడం, అతికించడం కొన్ని వారాంతాల్లో చేతికి అలవాటవుతాయి. ఈ పలక రెక్కకి పనికొస్తుందా, ఈ అతుకు నిలుస్తుందా, పాత డ్రాయింగులో చెప్పిన సరుకు ఇప్పుడు దొరక్కపోతే దాని బదులు ఏది వాడాలి అని ప్రతిరోజూ తీర్పు చెప్పుకోవడంలోనే కష్టమంతా ఉంది. ఆ పని మీద ఇష్టం ఉంటే ప్లాన్స్ తీసుకోండి. లేకపోతే కిట్‌కి వెళ్ళండి, లేదా వాడిన విమానం కొనుక్కుని వచ్చే నెలలోనే ఎగరండి. అందులో తక్కువతనమేమీ లేదు.

నేను పీటెన్‌పోల్ ఎందుకు ఎంచుకున్నానో చెప్తాను. బెర్నార్డ్ పీటెన్‌పోల్ మిన్నెసోటాలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో ఉండేవాడు, అంతా సొంతంగా నేర్చుకున్న మనిషి. ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిను, సుమారు 40 హార్స్‌పవర్‌ది, తన విమానానికి బిగించి 1929లో ఎగిరాడు. కారు ఇంజినుతో విమానం ఎగరదని రాసిన పత్రిక సంపాదకుడికి తన విమానాన్నే తీసుకెళ్ళి చూపించాడు. దాంతో ఆ డ్రాయింగులు 1932లో ఆ పత్రికవాళ్ళు వేసిన వార్షిక సంచికలో అచ్చయ్యాయి. డిప్రెషన్ రోజుల్లో ఊరి మనిషి ఊళ్ళో దొరికే వస్తువులతో కట్టుకోవాలని గీసిన డిజైన్ అది. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. చెర్రీ గ్రోవ్‌లోని ఆయన హ్యాంగర్‌ని విప్పి తెచ్చి విస్కాన్సిన్‌లోని ఆష్కాష్‌లో పయనీర్ ఎయిర్‌పోర్ట్‌లో నిలబెట్టారు. వెళ్తే తప్పకుండా చూడండి. ఒక్క సీటు చాలనుకుంటే పీట్ బవర్స్ ఫ్లై బేబీ ఉంది, 1962లో ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టేవాళ్ళ సంఘం) డిజైన్ పోటీ గెలిచిన చెక్క విమానం. రేకు పని ఇష్టమైతే క్రిస్ హైంట్జ్ డిజైన్లు చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. పాత డ్రాయింగుల్లో కొలతలుంటాయి గానీ "మొదట ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని ఉండదు. అప్పటి కేసీన్ జిగురు, నూలుగుడ్డ, మామూలు ఇనుము బదులు ఇప్పుడు ఎపాక్సీ, పాలియెస్టర్ గుడ్డ, 4130 రకం స్టీలు వాడతాం. సరుకు మారినా కొలత మాత్రం మార్చకండి. ఇక్కడో అరంగుళం, అక్కడో అరంగుళం "గట్టిగా ఉంటుంది కదా" అని పెంచుతూ పోతే విమానం బరువెక్కి కూర్చుంటుంది.

ఇప్పుడు చెక్క. ఇది కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ప్రాణం దీనిమీదే ఉంటుంది. వాడేది సిట్కా స్ప్రూస్. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ సలహా పత్రం ఏసీ 43.13-1బిలో కొలమానాలున్నాయి. చెక్క పోగు 15 అంగుళాల పొడుగులో ఒక అంగుళానికి మించి పక్కకి జారకూడదు. వార్షిక వలయాలు అంగుళానికి కనీసం ఆరుండాలి. వలయాలు కంటికి కనిపిస్తాయి గానీ పోగు ఎటు పోతోందో అంత సులువుగా తెలియదు. దానికి పాతవాళ్ళ పద్ధతొకటి ఉంది. నున్నగా చిత్రిక పట్టిన ముఖం మీద ఫౌంటెన్ పెన్ను సిరా ఒక్క చుక్క వేస్తే అది పోగు వెంబడి పాకుతుంది. అది పాకిన దారికి పెన్సిలుతో గీత గీసి, పలక అంచుతో ఎంత కోణం వచ్చిందో కొలవండి. ఒక ముఖం చూసి ఊరుకోకండి, పక్క ముఖం మీద కూడా వెయ్యాలి.

ముడులు, జిగట పట్టిన సందులు ఎవరికైనా కనిపిస్తాయి. కనిపించకుండా ఉండిపోయేది నలుగు గీత. చెట్టు గాలికి బాగా వంగినప్పుడో, నరికినప్పుడు బలంగా నేలకి తగిలినప్పుడో లోపల పోగు నలిగి, పోగుకి అడ్డంగా వెంట్రుకంత గీత పడుతుంది. నాకొచ్చిన పలకల్లో ఒకటి పగటి వెలుతురులో చూస్తే ఎంత బాగుందో. రాత్రి గరాజ్ దీపాలన్నీ ఆర్పి, టార్చి లైటు పలక మీద ఏటవాలుగా పెట్టి చూస్తే మధ్యలో రెండు గీతలు అడ్డంగా తేలాయి. దాన్ని స్పార్‌కి, అంటే రెక్క మోసే దూలానికి, వాడాలనుకున్నాను. వెంటనే పక్కన పెట్టేశాను. తర్వాత గరాజ్ అరలకి పనికొచ్చింది. స్ప్రూస్ ధర భరించలేకపోతే డగ్లస్ ఫర్ వాడొచ్చు, బలంగానే ఉంటుంది, కాకపోతే బరువు ఎక్కువ. హోమ్ సెంటర్లలో దొరికే కలపలో ఈ పరీక్షలకి నిలిచేది అరుదు.

జిగురు టీ-88 ఎపాక్సీ. కొలపాత్రతో అయితే సమపాళ్ళు, తూకంతో అయితే 100కి 83. నేను చిన్న త్రాసు పెట్టుకుని తూకంతోనే కలిపాను. ఎపాక్సీకి క్లాంపులతో బలంగా బిగించడం మంచిది కాదు, జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో జిగురు చాలకుండా పోతుంది. ముక్కలు కదలకుండా పట్టి ఉంటే చాలు. ప్రతిసారీ కలిపినదాంట్లోంచి కొంచెం తీసి రెండు తుక్కుముక్కలు అతికించి తేదీ రాసి పెట్టండి. బాగా ఆరాక సుత్తితో విరగ్గొట్టండి. అతుకు పక్కన చెక్క చీలాలి. జిగురు గీత దగ్గర శుభ్రంగా విడిపోతే ఆ రోజు అతికించినవన్నీ అనుమానించాల్సిందే. ఈ పని ఒక్కసారి కూడా మానలేదు నేను. విరిగిన ముక్కలన్నీ డబ్బాలో దాచాను. గుడ్డ వెయ్యకముందు మా ఈఏఏ చాప్టర్ (స్థానిక శాఖ) టెక్నికల్ కౌన్సిలర్ వచ్చినప్పుడు, రెక్కల కంటే ముందు ఆ డబ్బానే అడిగి చూశారు. ఆ కౌన్సిలర్లు ఈఏఏ సభ్యులకి ఉచితంగా వచ్చి చూసిపెడతారు. కట్టినన్నాళ్ళూ వాళ్ళని పిలుస్తూ ఉండండి.

గుడ్డ పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాలియెస్టర్ గుడ్డ అతికించి ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. మొదట 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి చివరికి 350 వరకు తీసుకెళ్ళాలి. దాటితే గుడ్డ బిగువు పోతుంది, కాబట్టి ఇస్త్రీ పెట్టె డయల్‌ని నమ్మకుండా థర్మామీటరుతో సరిచూసుకోవాలి. తర్వాత పొడుగు సూదితో గుడ్డని ప్రతి రిబ్బుకీ, అంటే రెక్కకి ఆకారాన్నిచ్చే చట్రానికీ, కుట్టాలి. రెక్కని నిలువుగా నిలబెట్టి అటొకరు ఇటొకరు కూర్చుంటే పని సాగుతుంది. అప్పుడు మా అమ్మ మా దగ్గర ఉండడానికి వచ్చింది. సూది అటునుంచి ఇటు అందిస్తూ, ముడి వదులుగా ఉందనిపిస్తే "మళ్ళీ వెయ్యి నాన్నా" అని విప్పించేది. ఆ కుట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

వెల్డింగ్ గురించి కంగారు పడకండి. ఈఏఏ వారాంతపు వర్క్‌షాపుల్లో వెల్డింగ్, చెక్క పని, గుడ్డ పని నేర్పుతారు. ఇంజిను మౌంట్ (ఇంజినుని విమానానికి పట్టి ఉంచే చట్రం) లాంటివి తెలిసినవాళ్ళ చేత చేయించుకున్నా తప్పులేదు.

బరువు సమతూకం మాత్రం చివరికి వదిలెయ్యకండి. పీటెన్‌పోల్‌లో పైలట్ వెనక సీట్లో కూర్చుంటాడు. పాత ఫోర్డ్ ఇంజిను బరువైనది. నాలాగా తేలికైన కాంటినెంటల్ ఏ-65 విమాన ఇంజిను పెట్టుకుంటే ముక్కు బరువు తగ్గి తోక బరువవుతుంది. అందుకే మౌంట్ పొడిగించడమో, రెక్కని కొన్ని అంగుళాలు వెనక్కి జరపడమో చేస్తారు. మీ సొంత బరువు వేసి, మౌంట్ కొయ్యకముందే కాగితం మీద లెక్క తేల్చుకోండి.

ఇంధనం కూడా అంతే ముఖ్యం. 2012లో ప్రమాదాల మీద దర్యాప్తు చేసే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ, సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల మీద చేసిన అధ్యయనంలో ఇంజిను ఆగిపోవడం, గాలిలో అదుపు తప్పడం పెద్ద కారణాలుగా తేలాయి. ట్యాంకు నుంచి తనంతట తానే జారే పద్ధతి అయితే, ముక్కు పైకెత్తి పెట్టి, టేకాఫ్‌లో ఇంజిను తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఇంధనం గొట్టంలోంచి వస్తోందో లేదో బకెట్టు, గడియారం పెట్టుకుని కొలవండి. మొదటిసారి ఎగిరేముందు పైపర్ కబ్ లాంటి తోకచక్రం విమానంలో బాగా సాధన చెయ్యండి.

కాగితాల సంగతి మనవాళ్ళు చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. విమానంలో సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో చేసినవాళ్ళదై ఉండాలన్నది నిబంధన. ప్లాన్స్‌తో కట్టినవాళ్ళకి అది సమస్యే కాదు, ఫోటోలు, తేదీలతో లాగ్ ఉంటే చాలు. తనిఖీ అయ్యాక ఇంజిను, ప్రొపెల్లరు జతని బట్టి మామూలుగా 25 లేదా 40 గంటలు నిర్ణీత ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. మీరు హెచ్‌-1బి మీద ఉంటే అసలు చిక్కు ఇక్కడుంది. అమెరికాలో విమానం సొంత పేరు మీద రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఏటా తనిఖీ మీరే చేసుకునే రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కీ అదే షరతు. పైలట్ శిక్షణకి, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, పౌరులు కానివాళ్ళు ముందు టీఎస్‌ఏ (రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి. ట్రస్టు ద్వారా రిజిస్టర్ చేసే దారి ఉంది గానీ లాయరు ఖర్చవుతుంది. కట్టడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న ఏళ్ళలో రెక్కలు, తోక తయారవుతాయి.

ఇండియాలో అయితే దారి ఇంతకంటే కష్టం. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీద కట్టిన విమానాన్ని రిజిస్టర్ చేయించుకోవడానికి ఏళ్ళ తరబడి తిరిగి 2017లో సాధించాడు. ఆయన పట్టుదలకి దండం పెట్టాలి.

మీరు మొదలుపెట్టాలనుకుంటే మొత్తం సరుకు ఇప్పుడే కొనకండి. ప్లాన్స్, అసలు సైజు రిబ్బు డ్రాయింగు, ఒకటి రెండు రిబ్బులకి సరిపడా పావు అంగుళం బై అర అంగుళం స్ప్రూస్ బద్దలు, పల్చటి ప్లైవుడ్, చిన్న టీ-88 ప్యాకు తెప్పించుకోండి. బల్ల మీద డ్రాయింగు పరిచి, చుట్టూ చెక్కముక్కలు బిగించి, ముక్కు దగ్గర వంగాల్సిన బద్దని నానబెట్టి వంచి, ఒక రిబ్బు చెయ్యండి. అది ఆరాక రెండోది చెయ్యాలని చెయ్యి లాగుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఈలోగా ఒక్కసారి జూలైలో విస్కాన్సిన్‌లోని బ్రాడ్‌హెడ్‌కి రండి. ఆష్కాష్‌లో ఈఏఏ ఏటా జరిపే ఎయిర్‌వెంచర్ అనే విమానాల పండగకి ముందు వారాంతంలో పీటెన్‌పోల్‌లన్నీ అక్కడ గడ్డి రన్‌వే మీద దిగుతాయి. అడిగితే ఎవరైనా కూర్చోనిస్తారు. రెండు సీట్లలోనూ కూర్చుని చూడండి. ముందు సీటులోకి స్ట్రట్‌ల (రెక్కని పట్టి ఉంచే కడ్డీల) మధ్యనుంచి దూరడం పొడుగువాళ్ళకి బాగా ఇబ్బంది. మీరు ఆరడుగులు దాటితే పొడుగు ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) డ్రాయింగు తీసుకోవాలా వద్దా అన్నది, బద్దలకి ఆర్డరు పెట్టేముందు అక్కడే తేల్చుకోండి.