నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయంటే తప్పు గొంతుదా, నరానిదా?

నాలుగు రోజులుగా మీ నాన్నగారు నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయని, గొంతు బొంగురుపోయిందని, కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి కాబట్టి ఇది మామూలు గొంతు వాపేనా అని అడిగారు. నేను వైద్యురాలిని కాను. విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. అయితే మీరు రాసిన లక్షణాలన్నీ మా అమ్మలో కళ్లారా చూశాను. అందుకే ముందుగా చెబుతున్నాను: ఈ రోజే ఆయనను న్యూరాలజీ విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి, మింగడం క్షేమమని అక్కడ తేల్చేవరకు నోటితో నీళ్లు కూడా పట్టించకండి.

మద్దిలపాలెంలోని మా ఇంట్లో ఒక ఉదయం అమ్మకు తల తిరిగి, ఎక్కిళ్లు పట్టుకుని ఎంతకూ తగ్గలేదు. తాగిన కాఫీ ముక్కులోంచి వచ్చింది. మా తమ్ముణ్ని ‘బాబూ’ అని పిలిస్తే ‘మామూ’ అన్నట్టు వినిపించింది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో గొంతు ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసి పంపారు. చేయీ కాలూ పడిపోలేదు గనుక పక్షవాతం అన్న ఆలోచన మాకూ రాలేదు. అలా రెండు రోజులు పోయాయి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇస్తారని తెలిసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

తరువాత వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరుగారు టార్చి వేసి, ‘అమ్మా, నోరు బాగా తెరిచి ఆ... అనండి’ అన్నారు. నేను పక్కనే ఉండి చూశాను. అంగిలి కుడి సగం పైకి లేచింది, ఎడమ సగం తడిబట్టలా వేలాడుతూ ఉండిపోయింది, కొండనాలుక కుడివైపుకు జరిగిపోయింది. కొండనాలుక ఎటు పోతే జబ్బు అటే ఉందని నేను అనుకున్నాను. నిజానికి బలమున్న వైపు కండరం దానిని తనవైపుకు లాగుతుంది కాబట్టి, అది కుడికి పోయిందంటే దెబ్బ తిన్నది ఎడమ నాడి (నరం).

అంగిలి ముందు భాగం ఎముక, వెనుక భాగం మెత్తని కండరాల తెర. మనం గుటక వేసినప్పుడూ ‘ప’, ‘బ’ వంటి అక్షరాలు పలికినప్పుడూ ఈ తెర పైకి లేచి ముక్కు దారిని మూసివేస్తుంది. ‘మ’, ‘న’ పలికేటప్పుడు మాత్రం దిగి ఉంటుంది. తెర లేవకపోతే ‘బ’ కాస్తా ‘మ’ అవుతుంది, నీళ్లు ముక్కులోకి ఎక్కుతాయి. దానిని పైకి లేపేది పదో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులలో పదోది) అయిన వేగస్. గొంతు వెనుక గోడకు స్పర్శ తెలిపేది ప్రధానంగా తొమ్మిదో నాడి. గొంతులో పుల్ల తగిలితే ఓకరింత రావడం ఈ రెండు నాడులూ కలిసి చేసే పని. కానీ ఓకరింత రాని ఆరోగ్యవంతులు కూడా ఎందరో ఉన్నారు కాబట్టి, అది ఒక్కటే చూసి మింగడం గురించి తీర్పు చెప్పకూడదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు వేగస్ నాడి కొమ్మలలోనే ఉంది. ఒక కొమ్మ అంగిలికి, గ్రసనికి (నోటి వెనుక గొంతు భాగానికి) వెళుతుంది. ఇంకొకటి స్వరపేటిక పైభాగానికి స్పర్శనిస్తుంది. మూడోది ఛాతీ వైపు దిగి, ఎడమవైపున బృహద్ధమని వంపు కిందుగా చుట్టి, మళ్లీ పైకి వచ్చి స్వరతంత్రులను కదిలిస్తుంది. ఈ మూడో కొమ్మ ఒక్కటే దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది గానీ అంగిలి చక్కగా లేస్తుంది, అప్పుడు మెడలోనూ ఛాతీలోనూ వెతకాలి. అంగిలి, స్వరం రెండూ ఒకేసారి పోయాయంటే, కొమ్మలు విడిపోకముందే, అంటే పుర్రె అడుగునో మెదడు కాండంలోనో దెబ్బ తగిలి ఉండవచ్చు. అమ్మకు ఎంఆర్ఐలో మజ్జాముఖం (మెదడు కాండం అడుగు భాగం) ఎడమ పక్కన చిన్న మచ్చ కనిపించింది. 1895లో వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన పక్షవాతం ఇది. చేతికీ కాలికీ బలమిచ్చే నాడీతంతువులు మజ్జాముఖంలో ముందు భాగాన ఉంటాయి, అందుకే అవి తప్పించుకున్నాయి. అయితే అమ్మ కుడి చేతికి వేణ్నీళ్ల వేడి తెలిసేది కాదు. మీ నాన్నగారికి ముఖంలో ఒకవైపు, ఒంట్లో రెండోవైపు వేడి తెలుస్తోందో లేదో డాక్టరుగారికి తప్పక చెప్పండి.

కొన్ని నెలల తరువాత అరకు ఘాట్ రోడ్డులో అమ్మకు చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే రెండూ తెరుచుకున్నాయి. చెవిని గొంతుతో కలిపే గొట్టాన్ని తెరిచే అంగిలి కండరం ఒక్కటి మాత్రం ఐదో నాడి అధీనంలో ఉంటుంది, ఆ నాడి చలన కేంద్రం మజ్జాముఖానికి పైన ఉంటుంది కనుక దానికి ఏమీ కాలేదు.

అమ్మ మూడు వారాలు ముక్కు గొట్టంతోనే ఆహారం తీసుకుంది. తరువాత స్పీచ్ థెరపిస్టు తలను బలహీనమైన ఎడమవైపుకు తిప్పి మింగమన్నారు. అలా చేస్తే ఆ వైపు దారి మూసుకుని ముద్ద కుడివైపు నుంచి దిగుతుంది. మొదట అనుమతించినది చిక్కటి చోడి అంబలి, మంచినీళ్లు అన్నిటికన్నా ఆఖరున. పలచని నీళ్లు వేగంగా జారి ఊపిరితిత్తుల దారిలో పడతాయి, స్పర్శ పోయిన గొంతుకు దగ్గు కూడా రాకపోవచ్చు. దగ్గు రావడం లేదు కదా అని ధైర్యపడి మీరు ఇంట్లో నీళ్లు పట్టి చూడవద్దు.