రాత్రి అన్నం మానేశాను మేడం, మంచిదేనా?

ప్రశ్న: నమస్తే మేడం, మాది గుంటూరు. ఆరో నెల నిండబోతోంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకి రక్తం తీస్తే 158 వచ్చింది, షుగర్ అన్నారు. మా అమ్మకీ ఉంది. అత్తయ్యగారేమో ఇద్దరి తిండి తినాలంటూ, పంచదార వద్దన్నారుగా అని బెల్లంతో సున్నుండలు చేసి పెడుతున్నారు, నేను భయపడి రాత్రి అన్నం మానేసి గ్లాసుడు రాగి జావ తాగి పడుకుంటున్నా. స్వీట్లు తినే తెచ్చుకున్నానా? బిడ్డకీ షుగర్ వస్తుందా?

జవాబు: ముందు ఆ జావ ఆపండమ్మా. పల్చగా కాచిన జావ గబగబా అరిగి షుగర్‌ని ఒక్కసారి పెంచేస్తుంది, ఆ తర్వాత తెల్లార్లూ కడుపు ఖాళీ, కడుపుతో ఉన్నప్పుడు అలా పస్తుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పెరుగుతాయి. అన్నం తినండి, ఒక కప్పు చాలు, గోంగూర పప్పు అన్నంతో సమానంగా వేసుకోండి, కూర అంతకంటే ఎక్కువ, చివర్లో పెరుగు. పడుకునే ముందు చక్కెర లేని పాలు. పొద్దున పూట షుగర్ ఇంకా మొండికేస్తుంది కాబట్టి నాలుగిడ్లీల బదులు పెసరట్టు వేసుకోండి, ఉప్మా వద్దు, అల్లం పచ్చడిలో బెల్లం పడుతుంది కదా, పల్లీ పచ్చడి పెట్టుకోండి. బెల్లమైనా పంచదారైనా షుగర్ పెరగడం ఒకటే, అత్తయ్యగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

స్వీట్ల వల్లే వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వవు, అమ్మకి షుగర్ ఉంటే ఆ ఛాన్స్ ఇంకా ఎక్కువ. ఆ టెస్టులో 140 వచ్చినా, దాటినా ప్రెగ్నెన్సీ షుగరే అంటాం. బిడ్డ షుగర్ జబ్బుతో పుట్టదు, కానీ కంట్రోల్‌లో లేకపోతే బరువు మరీ పెరిగి కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే బిడ్డకి షుగర్ పడిపోవచ్చు, అందుకే గంటలోపే పాలు పట్టించాలి, బిడ్డ షుగర్ కూడా చూడమని అడగండి.

పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలి. తిన్నాక పది పదిహేను నిమిషాలు వరండాలోనో మేడ మీదో నడవండి. రెండు వారాలు ఇలా చేసినా దిగకపోతే డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రో ఇన్సులినో ఇస్తారు, ఇన్సులిన్ అనగానే హడలిపోవద్దు, అది బిడ్డకి హాని చేయదు.

కాన్పయ్యాక తగ్గిపోయిందిలే అని చాలామంది వదిలేస్తారు, అదే నాకు బాధ. ఆరు వారాలకి పరగడుపున వెళ్లి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ టెస్ట్ చేయించుకోండి, బిడ్డ ఆరు వారాల టీకా కూడా అప్పుడే కాబట్టి ఒకే రోజు రెండు పనులూ అయిపోతాయి.