దేవుడికి అన్నీ ముందే తెలిస్తే తప్పెవరిది అంటున్న తమ్ముడు, మాట మానేసిన నాన్న

"వందనాలు మేడమ్. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, నాన్నగారు బాప్టిస్టు సంఘంలో పెద్ద. నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా, తమ్ముడు బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. ఏడాదిగా వాడు యూట్యూబ్‌లో డిబేట్లు చూసి ఇంటికొచ్చినప్పుడల్లా కుటుంబ ప్రార్థనలో ప్రశ్నలు మొదలుపెడుతున్నాడు. యూదా ఇస్కరియోతు ఉరేసుకున్నాడా, పడి చచ్చిపోయాడా, అహజ్యా రాజుకి 22 ఏళ్ళా, 42 ఏళ్ళా, ఇలా ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాడు. ఒకరోజు 'నేను నమ్మనని నేను పుట్టకముందే దేవుడికి తెలుసు కదా, తెలిసీ పుట్టించి నరకానికి పంపితే తప్పు నాదెట్లా అవుద్ది' అన్నాడు. నాన్నగారు చెంప మీద కొట్టి నోట్‌బుక్ చించేశారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వచ్చే ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోకపోతే ఇంటికి రావద్దన్నారు. అమ్మ రోజూ ఏడుస్తుంది. మొన్న ఫోన్‌లో వాడు 'నన్ను ముందే నరకానికి రాసేశాడేమో అక్కా, ఇంక ఏం చేసినా ఒకటే' అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలు నాకూ ఉన్నాయి, ఎప్పుడూ పైకి అనలేదు. ఎవరిది కరెక్టు, నేనేం చెయ్యాలి?"

అమ్మా, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనపడింది వాడు మొన్న ఫోన్‌లో అన్న మాట. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం ఆగడానికి లేదు. డిబేట్‌లో గెలవాలని చూసేవాడు ఆ మాట అనడు, లోపల ఎక్కడో భయపడ్డవాడే అంటాడు. వాడు సరిగ్గా తింటున్నాడా, నిద్రపోతున్నాడా, క్లాసులకి వెళ్తున్నాడా, "ఏం చేసినా ఒకటే" అన్నది చదువు గురించి, బతుకు గురించి కూడానా, ఇవి సూటిగా అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి కూడా వెనకాడొద్దు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన వచ్చేయదు. అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు, ఈలోపు 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ప్రార్థన చేస్తే తగ్గుతుందిలే అని దీన్ని మాత్రం వదిలేయొద్దు, ప్రార్థన చేసుకుంటూనే డాక్టర్‌కి చూపించొచ్చు.

ఇక వాడి ప్రశ్న సంగతి. ఇంట్లో అందరూ అడక్కూడదు అన్నారే తప్ప ఒక్కళ్ళు కూడా కూర్చుని జవాబు చెప్పినట్టు నీ ఉత్తరంలో లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, నీకూ ఉన్న ప్రశ్నే కదా.

ఆ చించేసిన నోట్‌బుక్ గురించి ఒక మాట. అహజ్యా వయసు రెండో రాజుల గ్రంథం 8వ అధ్యాయంలో 22 అని, రెండో దినవృత్తాంతములు 22వ అధ్యాయంలో 42 అని ఉందని ఎంతమందికి తెలుసు చెప్పు, ఏళ్ళ తరబడి చర్చికి వెళ్ళేవాళ్ళలో కూడా? వీడియోలో విన్నా సరే, అది తీసి రెండు చోట్లా చూసి పక్కపక్కన రాసుకున్నాడంటే దేవుడితో పని లేదనుకునేవాడు చేసే పని కాదది. నిజానికి అక్కడ వాడు చెప్పింది కరెక్టే, ఎందుకంటే అహజ్యా తండ్రి యెహోరాము 32వ ఏట రాజై 8 ఏళ్ళు ఏలి చనిపోయాడు, అంటే 40 ఏళ్ళకి. 40 ఏళ్ళకి పోయిన తండ్రికి వెంటనే గద్దెనెక్కిన కొడుకు 42 ఏళ్ళవాడు ఎట్లా ఉంటాడు? చేత్తో రాసి కాపీ చేసుకునే రోజుల్లో అంకె మారిపోయిందని బైబిల్ పండితులే, నమ్మకస్తులే చెప్తారు, కొన్ని పాత గ్రీకు ప్రతుల్లో, సిరియాక్ అనే పాత భాష బైబిల్లో 22 అనే ఉంది. ఈ మాట ఒప్పుకుంటే నాన్నగారి విశ్వాసం కూలిపోదు, ఒప్పుకోకుండా కొట్టినందువల్లే వీడి దృష్టిలో ఆయన మాటకి విలువ తగ్గింది.

యూదా విషయం అంత తేలిగ్గా తేలదు. మత్తయి 27లో ఉరి పెట్టుకున్నాడని, అపొస్తలుల కార్యములు 1లో తలకిందులుగా పడి పొట్ట పగిలిందని ఉంది, ఉరేసుకున్నాక తాడు తెగి పడ్డాడని అయ్యగార్లు చెప్పే జవాబు ఎప్పట్నుంచో ఉంది. అయ్యుండొచ్చు, కానీ తాడు తెగిందని వచనంలో లేదు, అది మనం కలుపుకుంది. యేసుని పట్టిచ్చి యూదా తీసుకున్న డబ్బుతో పొలం యాజకులు కొన్నారని ఒకచోట, యూదానే కొన్నాడని ఇంకోచోట ఉన్నదానికి కూడా ఇట్లాగే వివరణ కలుపుకోవాలి. నా మాట అడిగితే, ఒకే సంగతి ఇద్దరు చెప్పినప్పుడు వివరాలు తేడా రావడం చూసి గ్రంథం మొత్తం అబద్ధం అనేయడం తొందరపాటు, తేడానే లేదని దబాయించడం కూడా అంతే. తమ్ముడు మొదటిది చేస్తున్నాడు, నాన్నగారు రెండోది.

అసలు ప్రశ్న తర్వాతది, దేవుడికి ముందే తెలిస్తే మనిషికి స్వేచ్ఛ ఎక్కడిది అని. ఇది మీ తమ్ముడికి కొవ్వెక్కి పుట్టిన ప్రశ్న కాదని ముందు అమ్మకి చెప్పు. దాదాపు 1500 ఏళ్ళ కిందట రోముకి చెందిన బోయెథియస్ అనే పెద్దమనిషి జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ ఇదే ప్రశ్న వేసుకున్నాడు. ఆయన చెప్పిందేంటంటే, రోడ్డు మీద ఒకడు నడుస్తుంటే నువ్వు చూస్తున్నావు, నువ్వు చూడబట్టి వాడు నడవట్లేదు కదా, దేవుడికి నిన్న రేపు అంటూ లేవు, అన్నీ ఇప్పుడే జరుగుతున్నట్టు చూస్తాడు, ఆ చూడడం మనల్ని తోయదు అని. చాలా సంఘాల్లో ఇప్పటికీ చెప్పే జవాబు ఇదే, మంచి జవాబే. కానీ మీ తమ్ముడు అక్కడ ఆగడు, చూసేవాడు దారిన పోయేవాడైతే సరే, ఇక్కడ చూసేవాడే పుట్టించినవాడు కదా అంటాడు. అనాలి కూడా, అది న్యాయమైన ఎదురు ప్రశ్న.

ఆ ఎదురు ప్రశ్న దగ్గరే క్రైస్తవులు విడిపోయారు. కాల్విన్ అనే మతసంస్కర్త దారిలో వెళ్ళినవాళ్ళు దేవుడు ముందే ఏర్పరచుకున్నాడు అన్నారు, అర్మీనియస్ అనే బోధకుడి వెంట ఉన్నవాళ్ళు కాదు, పిలుపు అందరికీ, ఒప్పుకోవడం మనిషి చేతిలో ఉంది అన్నారు, దాని మీద 1618లో హాలండ్‌లో డార్ట్ అనే ఊళ్ళో పెద్ద సభ పెట్టి 1619 దాకా వాదించుకున్నారు. మీ బాప్టిస్టులే తీసుకో, ఇంగ్లండ్‌లో వాళ్ళు మొదలైన 17వ శతాబ్దంలోనే క్రీస్తు అందరి కోసం చనిపోయాడనే జనరల్ బాప్టిస్టులు, ఏర్పరచబడినవాళ్ళ కోసమే అనే పర్టిక్యులర్ బాప్టిస్టులు అని రెండుగా ఉన్నారు. అంటే మీ తమ్ముడు అడిగిన దాని మీద మీ సంఘం పూర్వీకులకే ఒకే మాట లేదు. పక్కింట్లో దీన్నే తలరాత అంటారు, మసీదుకి వెళ్ళేవాళ్ళు తఖ్దీర్ అంటారు, అక్కడా కుర్రాళ్ళు ఇదే అడిగి ఇట్లాగే తిట్లు తింటుంటారు.

వాడు చూసే వీడియోల్లో రోమా పత్రిక 9వ అధ్యాయంలోని కుమ్మరి మాట తప్పకుండా వచ్చి ఉంటుంది, కుండ కుమ్మరిని నన్నెందుకిట్లా చేశావని అడుగుతుందా అని. "ముందే రాసేశాడేమో" అన్న భయం అక్కడ్నించి వచ్చిందేమో అని నాకనిపిస్తోంది. అదే కుమ్మరి యిర్మీయా 18లో కూడా ఉన్నాడు, అక్కడ దేవుడు ఏమంటాడంటే, నేను ఒక జనాన్ని పాడు చేస్తానని చెప్పినా వాళ్ళు చెడ్డతనం మానితే నేనూ చేద్దామనుకున్నది మానేస్తాను అని. యోనా ప్రవక్త 40 రోజుల్లో నీనెవె నాశనం అని కేకలు పెట్టాడు, ఊరు మారింది, నాశనం ఆగింది.

ఇంకోటి చూపిస్తా, ఇది చాలామంది చదవకుండా దాటేస్తారు. మొదటి సమూయేలు 23లో దావీదు కెయీలా అనే ఊళ్ళో దాక్కుని ఉంటాడు. తనని చంపాలని వెతుకుతున్న సౌలు రాజు ఇక్కడికి వస్తాడా అని దేవుణ్ణి అడుగుతాడు, వస్తాడు అంటాడు. ఈ ఊరివాళ్ళు నన్ను పట్టిస్తారా అంటాడు, పట్టిస్తారు అంటాడు. దావీదు ఏం చేశాడు? రాసిపెట్టి ఉందని కూర్చున్నాడా? తన వెంట ఉన్న 600 మందిని తీసుకుని ఊరు వదిలేశాడు. సౌలు రాలేదు, ఊరివాళ్ళు పట్టివ్వలేదు. దేవుడు చెప్పింది నిజమే, జరగలేదు, ఎందుకంటే దావీదు లేచి నడిచాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌కి చెందిన మొలీనా అనే ఫాదర్, ఏ పరిస్థితిలో ఎవరు ఏం చేస్తారో అది కూడా దేవుడికి తెలుసు, అయినా చేసేది మనిషే అనే వాదాన్ని కట్టాడు, ఆ వాదానికి ఆధారంగా ఎక్కువగా చూపించే కథ ఇదే. తమ్ముడితో కూర్చుని ఈ అధ్యాయం చదువు, ప్రసంగం చెయ్యకు, చదివి వాణ్ణి ఏమనిపించిందో అడుగు. పేతురు సంగతి కూడా, నువ్వు నన్నెరగనంటావు అని యేసు ముందే చెప్పాడు, కానీ లూకా 22లో అంతకుముందే, నువ్వు తిరిగి వచ్చాక నీ సహోదరుల్ని స్థిరపరచు అని కూడా చెప్పాడు. పడతాడని తెలిసినాయనకి తిరిగొస్తాడని కూడా తెలుసు.

ఇవన్నీ చెప్పినా, తెలిసీ ఎందుకు పుట్టించాడు అన్న చివరి ముక్క మిగులుతుంది. దానికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇన్ని శతాబ్దాల్లో రాలేదు, రాలేదని వాడికి నిజాయితీగా చెప్పండి. యోబు దేవుణ్ణే నిలదీసి అడిగాడు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని యోబుని గద్దించిన స్నేహితుల మీదే చివర్లో దేవుడికి కోపం వచ్చింది, 42వ అధ్యాయంలో ఉంది. నాన్నగారు ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివే ఉంటారు.

నాన్నగారిని దుర్మార్గుడిగా చూడొద్దు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో సంఘంలో పెద్దరికం చేసేవాడు పిల్లల్ని, ఇంటిని చక్కగా ఏలుకునేవాడై ఉండాలని ఉంది, ఆయన దాన్ని మోస్తున్నారు. ఆదివారం బయటికొచ్చేటప్పుడు "మీవాడు కనపడ్డం లేదేం బ్రదర్" అని ఒకళ్ళు అడిగితే ఆయనకి ఎట్లా ఉంటుందో ఆలోచించు. కొడుకు నరకానికి పోతాడన్న భయం ఆయనకి నిజంగా ఉంది. కానీ భయం ఉందని కాలేజీ చదివే కొడుకు మీద చెయ్యి చేసుకోవడం ఒప్పు అవదు, పిల్లలకి కోపం పుట్టించొద్దని తండ్రులకే చెప్పిన మాట ఎఫెసీ 6లో ఉంది, అది కూడా పెద్దరికంలో భాగమే. మళ్ళీ చెయ్యి లేవకూడదు అన్నది నువ్వూ అమ్మా కలిసి గట్టిగానే చెప్పాలి.

బాప్తిస్మం గడువు మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాల్సిందే, దీంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వకుండా, తెలిసి తనంతట తాను ఒప్పుకుంటేనే ఇవ్వడం కదా మీ సంఘం ప్రత్యేకత. మీ ఒంగోలు చరిత్రే చెప్పు ఆయనకి. 1876లో మొదలైన కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, బాప్తిస్మం ఇమ్మని వేలమంది వస్తే ఏడాదికి పైగా ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారో నమ్మి వచ్చారో తేలేదాకా ఆపాడు. కరువు పని అయిపోయాకే ఇచ్చారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి. ఆకలితో ఉన్నవాళ్ళు అడిగితేనే ఆపిన సంఘం అది. ఇంటికి రావద్దని బెదిరిస్తే భయపడి నీళ్ళలో దిగిన కుర్రాడి ఒప్పుకోలుని నాన్నగారు మాత్రం నిజమని ఎట్లా నమ్ముతారు?

తమ్ముడికీ చెప్పాల్సినవి ఉన్నాయి. వాడి ప్రశ్నలకి చోటు కావాలి, నిజమే, కానీ పగలంతా చాకిరీ చేసి రాత్రి చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్న అమ్మ మొహం మీద అహజ్యా వయసు విసరడం ఎందుకు? అమ్మ ఏ డిబేట్‌కీ రాలేదు. ప్రార్థన టైంలో వాడు కూర్చోవాలనిపిస్తే మౌనంగా కూర్చోవచ్చు, లేదంటే బయట అరుగు మీద కూర్చోవచ్చు, ఎవరూ వాణ్ణి ప్రార్థన చెయ్యమని బలవంతం చెయ్యకూడదు, వాడు మధ్యలో ఆపకూడదు. ప్రశ్నలకి వేరే టైం, వేరే మనిషి. ఒంగోలులోనో హైదరాబాద్‌లోనో థియాలజీ చదువుకుని ఓపికగా మాట్లాడే అయ్యగారు ఒకరిని నువ్వే వెతికి పెట్టు, వెంటనే ఒప్పించాలని చూడని మనిషిని. ఆ వీడియోల్లో రెండు పక్కలా అవతలివాణ్ణి నోరు మూయించడమే పని, అక్కడ నేర్చుకున్న గొంతు ఇంట్లో వాడుతున్నాడు వాడు.

నీ సంగతి. నీ అనుమానాలు నాన్నగారికి ఇప్పుడే చెప్పాల్సిన పని లేదు, ఇల్లు ఇట్లా ఉన్నప్పుడు అస్సలు వద్దు. తమ్ముడికి మాత్రం చెప్పు. నీకూ అవే ప్రశ్నలున్నాయని, ఉన్నా నువ్వు బతుకుతున్నావని, ప్రార్థన చేసుకుంటున్నావని, కొన్ని రోజులు చేసుకోలేకపోతున్నావని, ఎట్లా ఉంటే అట్లా చెప్పు. వాడు ఇంట్లో తనొక్కడే చెడిపోయాననుకుంటున్నాడు.

నాన్నగారితో మాట్లాడేది ఫోన్‌లో వద్దు, ఊరెళ్ళి మాట్లాడు, అది కూడా చర్చికి వెళ్ళే హడావుడిలో వద్దు, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అమ్మ పక్కనుండగా. గడువు సంగతి ఒక్కటే ఎత్తు, అహజ్యాని, రోమా 9ని ఆ రోజు తేవద్దు. ఆయన తగ్గి ఒక కొత్త నోట్‌బుక్ కొని వాడికి ఇవ్వగలిగితే అంతకంటే ఏమీ అక్కర్లేదు, కానీ అది ఆయనకే అనిపించాలి, నువ్వు అడిగి ఇప్పించొద్దు. తమ్ముడికి మాత్రం ఆదివారం దాకా ఆగకు, ఇది చదవగానే ఫోన్ చెయ్, ఎత్తకపోతే హాస్టల్‌కి వెళ్ళు.