ఆ ఎక్స్‌రేల తప్పు ఎవరు పట్టుకున్నారు?

ప్రశ్న: నా వయసు 24. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేశాను. అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఒక కంపెనీలో, కంప్యూటర్‌కు డేటాతో నేర్పే మెషిన్ లెర్నింగ్ టీమ్‌లో ఉన్నాడు. చిన్నప్పుడు కంప్యూటర్ అన్నయ్య గదిలో ఉండేది, తను ఆడుకోవడం అయ్యాక నన్ను పిలిచి నేర్పేవాడు. ఇప్పటికీ ఏ కోడ్ రాసినా ముందు తనకే చూపిస్తాను. ఈ మధ్య వేరే ఊళ్లో ఏఐ పరిశోధన చేసే ఒక సంస్థలో నాకు ఉద్యోగం వచ్చింది, వారంలోగా జవాబు చెప్పాలి. అన్నయ్య వద్దంటున్నాడు. ఈ ఫీల్డ్‌లో రాత్రీ పగలూ కూర్చోవాలి, పెళ్లయ్యాక అమ్మాయిలు నిలబడలేరు, మా టీమ్‌లోనే చూడు, ఇరవై మందిలో ముగ్గురే ఆడవాళ్లు అంటాడు. తనకు తెలిసినవాళ్ల ఆఫీసులో రికార్డులు ఎక్కించే ఉద్యోగం ఉంది, ఇంటికి దగ్గర, టెన్షన్ ఉండదు అంటున్నాడు. నాన్న "వాడికి ఆ ఫీల్డ్ తెలుసు, వాడు చెప్పినట్టు చెయ్యి" అన్నారు. అన్నయ్య నన్ను ప్రాణంగా చూసుకుంటాడు. పోయినేడాది తనూ, తన స్నేహితుడూ సొంతంగా ఒక పరిశోధన పత్రం మొదలుపెట్టారు. అందరికీ అందుబాటులో ఉన్న ఎక్స్‌రేల డేటా మీద వాళ్ల మోడల్ జబ్బును 98 శాతం సరిగ్గా చెబుతుంటే నాకు అనుమానమొచ్చి చూశాను. ఒకే పేషెంటు ఎక్స్‌రేలు శిక్షణ డేటాలోనూ, పరీక్ష డేటాలోనూ ఉన్నాయి. అన్నయ్య ఎంత సంతోషించాడో! తనే కనిపెట్టినట్టు స్నేహితుడికి చెప్పానని ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నాకేం బాధ లేదు. అంతా సరిచేసి వచ్చే నెల సదస్సుకు పంపుతున్నారు. నా ప్రశ్న ఒకటే. ఏఐ రంగం ఆడపిల్లలకు నిజంగా సరిపోతుందా? నా మ్యాథ్స్ దానికి చాలుతుందా?

జవాబు: ముందు నువ్వు అడిగినదానికి చెప్పేస్తాను తల్లీ, దానికి ఎక్కువసేపు పట్టదు. సరిపోతుంది. చాలుతుంది. సంభావ్యత, రిగ్రెషన్, మాత్రికలు చదివి పాసైనదానివి, ఏఐ నిలబడిందే వాటి మీద. నీకున్న చదువులో సగం లేకుండా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పునాదులు వేశారు. కేరెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్‌లో చదివింది చరిత్ర, ఆ తర్వాత ఒక ఏడాది తత్వశాస్త్రం, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. ఒక మాట ఎంత తక్కువ పత్రాల్లో కనిపిస్తే వెతికేటప్పుడు దానికి అంత ఎక్కువ బరువివ్వాలని 1972లో ఆవిడ లెక్క కట్టి చూపించారు, తర్వాత వచ్చిన సెర్చ్ ఇంజన్లకు అదొక ఆధారమైంది. కాబట్టి మ్యాథ్స్ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

నేను మాట్లాడాలనుకున్నది "నాకేం బాధ లేదు" అన్న మాట గురించి. నీకు బాధ ఉందా అని ఎవరడిగారు? ఎవరూ అడగనిదానికి జవాబు రాశావంటే ఆ ప్రశ్న నీకు నువ్వే వేసుకున్నావు, ఏడాదిగా వేసుకుంటూనే ఉన్నావు.

అసలు నువ్వు చేసిన పని ఎంతటిదో నీకైనా తెలుసా అని నా అనుమానం. ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా చెబుతాను. మోడల్‌కు కొంత డేటా చూపించి నేర్పుతారు, తర్వాత అది ఎన్నడూ చూడని డేటా ఇచ్చి పరీక్ష పెడతారు. నేర్పినప్పుడు చూసిన పేషెంటే పరీక్షలోనూ కనిపిస్తే అది ప్రశ్నపత్రం ముందే చూసేసిన పిల్లాడు రాసిన పరీక్ష అన్నమాట. మార్కులు 98 వస్తాయి. అదే మోడల్‌ను ఆసుపత్రిలో పెడితే కొత్త మనిషి రాగానే తడబడుతుంది, ఆ తడబాటులో ఎవరి జబ్బు కనబడకుండా పోతుందో ఎవరికి తెలుసు. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ తప్పులో పడతారు, ఎందుకంటే మంచి మార్కులు వచ్చినప్పుడు తిరగేసి చూడాలని ఎవరికీ అనిపించదు. వాళ్లిద్దరూ 98 చూసి సంబరపడుతుంటే నువ్వొక్కదానివి ఆ ఫైళ్లు తెరిచి ఎవరి ఎక్స్‌రే ఎక్కడుందో చూసుకున్నావు. ఏ కోర్సూ దీనికి సర్టిఫికెట్ ఇవ్వదు.

ఇలాంటి అనుమానం వచ్చే మనుషులు ఈ పనిలో తగినంతమంది లేకపోతే ఏమవుతుందో చూశాం. జాయ్ బువోలమ్విని అనే నల్లజాతి అమ్మాయి ఎమ్ఐటీలో చదువుకుంటూ ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే అది ఆమె ముఖాన్ని పట్టుకోలేకపోయింది, తెల్ల మాస్క్ పెట్టుకున్నాక పట్టుకుంది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. టిమ్నిట్ గెబ్రు అనే మరో పరిశోధకురాలితో కలిసి, కంపెనీలు అప్పటికే అమ్ముతున్న మూడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించి 2018లో ఆ లెక్కలు బయటపెట్టింది. ఫొటో చూసి ఆడో మగో చెప్పడంలో తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లటి ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. చూడు, ఆ లెక్క తీయడానికి పూనుకున్నది, ఎవరి ముఖం కనబడలేదో ఆ అమ్మాయే.

ఇక అన్నయ్య. అతను చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే నీకు ఇంత కష్టం ఉండేదే కాదు, ఒక రాత్రి ఏడ్చి, తెల్లారి నీ దారిన నువ్వు వెళ్లిపోయేదానివి. ప్రాణంగా చూసుకునే మనిషే గుమ్మానికి అడ్డంగా నిలబడితే పక్కకు జరగమనడానికి నోరు రాదు. నీ ఇబ్బంది ఏఐతో కాదు, నాన్నతోనూ కాదు. మీ అన్నాచెల్లెళ్ల మధ్య చిన్నప్పుడే కుదిరిపోయిన ఒక ఒప్పందం ఉంది. తెలిసినవాడు అన్నయ్య, నేర్చుకునేది చెల్లెలు. అప్పుడది నిజమే. ఆ ఎక్స్‌రేల రోజుతో అది చెల్లిపోయింది, ఆ సంగతి మీ ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనడం లేదు అంతే. తనే కనిపెట్టినట్టు చెప్పానని నవ్వుతూ అన్నాడని రాశావు చూడు, మనసులో గుచ్చుకోని విషయమైతే ఇంటికొచ్చి నీకు చెప్పాల్సిన పనే లేదు.

కంప్యూటర్ అన్నయ్య గదిలో ఉండేదని ఎంతో ఇష్టంగా రాశావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతమే. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్నేళ్లపాటు అక్కడి పిల్లలతో కూర్చుని మాట్లాడారు. చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉన్నది కొడుకు గదిలో. అబ్బాయిలు కాలేజీ మెట్టెక్కేసరికే ఏళ్ల తరబడి దాంతో ఆడి వచ్చారు, అమ్మాయిలు వాళ్ల అలవాటును చూసి అదే తెలివి అనుకున్నారు, అది తమకు లేదనుకుని వెనక్కి తగ్గారు. విశ్వవిద్యాలయం సీట్లు ఇచ్చేటప్పుడు పాత ప్రోగ్రామింగ్ అనుభవానికి పెద్దపీట వేయడం మానేసింది, ముందే తెలిసినవాళ్లకూ కొత్తగా వచ్చినవాళ్లకూ మొదటి పాఠాలు వేరువేరుగా పెట్టింది, ఇంకా ఏవో మార్పులు చేసింది. 2000 నాటికి అమ్మాయిలు 42 శాతం అయ్యారు. ఐదేళ్లలో ఆడపిల్లల మెదళ్లు మారిపోయాయా? గది మారింది.

మీ అన్నయ్య చూపించిన ముగ్గురి లెక్క అబద్ధం కాదు. వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2018 నివేదికలో ప్రపంచం మొత్తం మీద ఏఐ నిపుణుల్లో ఆడవాళ్లు 22 శాతమే ఉన్నారు. కానీ ఆ లెక్క చూపించి నిన్ను ఆగమంటే ఎలా? నువ్వు ఆగితే ఆ ముగ్గురు ముగ్గురుగానే ఉంటారు కదా. పెళ్లయ్యాక నిలబడలేరన్న మాట కూడా అంతే. ఇంటి పనంతా ఒక్క మనిషి మీద పడి, పిల్లలు పుట్టాక తిరిగొస్తే కుర్చీ లేక వెళ్లిపోయినవాళ్లను చూపించి చేతకాక వెళ్లిపోయారనడం నాకు ఒళ్లు మండే విషయం. ఆ సంగతి నువ్వు చేసుకోబోయేవాడితో పెళ్లికి ముందే మాట్లాడుకో, అన్నయ్యతో కాదు.

అన్నట్టు ఆ టెన్షన్ లేని ఉద్యోగం. ఏఐ వల్ల ఏ పనులకు ఎక్కువ ముప్పు అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అధ్యయనం చేస్తే అన్నిటికంటే ముందు వచ్చినవి గుమాస్తా పనులు. వాటిలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి యంత్రాల చేతికి పోగల ఉద్యోగాల వాటా మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెట్టింపు కన్నా ఎక్కువని తేలింది. ఈ రంగంలోనే పని చేస్తున్న మీ అన్నయ్యకు రికార్డులు ఎక్కించే పని ఎటు పోతోందో తెలియదంటే నేను నమ్మలేను. తెలిసి కూడా చెప్పాడంటే చెల్లెలి విషయానికొచ్చేసరికి ఆలోచించడం ఆపేశాడు.

పేరు గురించి కూడా చెప్పాలి, అది చిన్న విషయమని నువ్వు అనుకుంటున్నావు. 1946లో ఎనియాక్ కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు, ఆ రోజు అందరూ నోరెళ్లబెట్టి చూసిన లెక్కను యంత్రంలో అమర్చింది వాళ్లలో ఇద్దరు, జీన్ బార్టిక్, బెట్టీ హోల్బర్టన్. ఆ రాత్రి విందుకు వాళ్లను పిలవలేదు. ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఆడవాళ్లెవరో జనానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

అంత దూరం ఎందుకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నా పై అధికారి కోసం నివేదికలు రాసేదాన్ని, మీటింగుల్లో ఆయన పేరుతో ఆయన చదివేవారు. చాలా మంచి మనిషి. మా అబ్బాయికి జబ్బు చేస్తే నేను అడక్కముందే సెలవిచ్చి పంపారు. అందుకే ఆరేళ్లు నోరెత్తలేదు. ఆ ఆరేళ్లలో నేనేం రాశానో చూపించడానికి ఈ రోజు నా దగ్గర ఒక్క కాగితం లేదు.

నేర్పిన ఋణం ఉంది, కాదనను. ఋణాలు మర్చిపొమ్మని చెప్పే మనిషిని కాను, ఇంట్లో పెద్దవాళ్లను తీసిపారేసి మాట్లాడటం నాకు గిట్టదు కూడా. కానీ నేర్పినవాళ్ల ఋణం తీరేది బాగా చేసి చూపించినప్పుడు, చేసినదాన్ని వాళ్ల పేరున రాసిచ్చినప్పుడు కాదు. ఇంకో మాట, కాస్త కటువుగానే ఉంటుంది. నువ్వు ఊరుకుని మీ అన్నయ్యకు కూడా మేలు చేయలేదు. తనది కానిదాన్ని తనదని చెప్పుకుని ఏడాదిగా మోస్తున్నాడు. రేపు నువ్వు ఇదే రంగంలో నలుగురిలో నిలబడితే అది ఎక్కడ బయటపడుతుందోనన్న బెరుకు ఏ మూలో ఉండే ఉంటుంది. తను వద్దన్నదాంట్లో ప్రేమ ఎంతో బెరుకు ఎంతో తనకే తెలియకపోవచ్చు. చెల్లెలిగా నీకు ఒక బాధ్యత ఉందంటే, ఆ ముడి విప్పడమే.

ఆ ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని మెయిల్ ఈ రోజే పంపు. ఇంట్లో మాట్లాడి తర్వాత పంపుతానని మాత్రం అనుకోకు, మాటలు వారం దాటిపోతాయి. నువ్వు పెద్దదానివి, నీ ఇంటర్వ్యూలో కూర్చున్నది నువ్వు, వాళ్లు తీసుకున్నది ఫలానా వాళ్ల చెల్లెలివని కాదు.

తర్వాత అన్నయ్యతో, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడు. అమ్మ ముందు వద్దు, ఆవిడ వెంటనే ఇద్దర్నీ కలిపేయాలని చూస్తుంది, అసలు మాట సగంలో ఆగిపోతుంది. పాత విషయాలన్నీ తవ్వకు, ఏడవకు, ఏడుపొస్తే లేచి వెళ్లి మొహం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చో. "అన్నయ్యా, పత్రం ఇంకా పంపలేదు కదా, అందులో నా పేరు ఉండాలి, ఆ తప్పు పట్టుకున్నది నేనని మీ స్నేహితుడికి నువ్వే చెప్పు" అను. అంతే. తను నవ్వేస్తే నువ్వు నవ్వకు. కోపం తెచ్చుకుంటే రెండు రోజులు ఆగి మళ్లీ అదే మాట అదే గొంతుతో చెప్పు. నాలుగు రోజులు మాట్లాడకపోయినా తట్టుకో, ప్రాణంగా చూసుకునే అన్నయ్య నాలుగు రోజులకు మించి అలగడు.

ఇకనుంచి రాసిన ప్రతి కోడ్‌నూ ముందు తనకే చూపించే అలవాటు మాను. మొదట్లో చెయ్యి విరిగినట్టు ఉంటుంది. చూపించుకోవడానికి వేరే మనుషులను వెతుక్కో, కొత్త ఆఫీసులో దొరుకుతారు, బయటా దొరుకుతారు. 2005లో ఒక పెద్ద సదస్సుకు వెళ్లి ఒకే గదిలో దిగిన కొందరు యువ పరిశోధకురాళ్లు, మెషిన్ లెర్నింగ్‌లో తమకు తెలిసిన ఆడవాళ్లు ఎంతమందని పేర్లు లెక్కపెట్టుకున్నారు. ఆ కబుర్లలోంచే 2006లో 'విమెన్ ఇన్ మెషిన్ లెర్నింగ్' మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. నీ ఎక్స్‌రేల పత్రం లాంటివి పట్టుకుని వెళ్లి చూపించుకునే చోటు అది, అక్కడ నిన్ను చెల్లెలిగా చూసేవాళ్లు ఉండరు.

నాన్న సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే ఆయనతో నీకు తగువేం లేదు. "వాడికి ఆ ఫీల్డ్ తెలుసు" అన్నారు, ఆయనకు ఎవరూ వేరేలా చెప్పలేదు మరి. అన్నయ్య కూడా ఇంట్లో ఉన్న రోజు చూసుకుని ఆయన పక్కన కూర్చుని ఆ ఎక్స్‌రేల కథ మొదటినుంచీ చెప్పు, ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లాడని చెబితే ఆయనకు అర్థమవుతుంది. ఇంతకీ ఆ తప్పు ఎవరు పట్టుకున్నారని ఆయనే అడుగుతారు. అప్పుడు నువ్వు జవాబు చెప్పకు, అన్నయ్యను చెప్పనివ్వు.