ఏ తెర దేన్ని గుర్తిస్తుంది?

ప్రశ్న: బిల్లింగ్ యంత్రం తెర గోటితో నొక్కినా, పెన్ను మూతతో నొక్కినా పలుకుతుంది. ఫోన్ మాత్రం వేలి మెత్తటి భాగం తగిలితేనే కదులుతుంది. ఎందుకని?

జవాబు: రెండూ కొలిచేవి వేరు. చాలా బిల్లింగ్ యంత్రాలకు ఉండేది రెసిస్టివ్ తెర. పైన వంగే ప్లాస్టిక్ పొర, కింద గాజు. రెండింటి లోపలి వైపూ కరెంటు పారే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. అవి అంటుకోకుండా మధ్యలో కంటికి ఆనని చుక్కలు ఆపుతాయి. నొక్కితే పై పొర వంగి కిందిదాన్ని తాకుతుంది. తాకిన చోటి వోల్టేజీని బట్టి ముందు అడ్డం కొలత, తర్వాత నిలువు కొలత తేలుతుంది. అంటే దానికి కావలసింది ఒత్తిడే. గోరైనా, గ్లవ్స్ తొడిగిన వేలైనా ఒకటే. నొక్కిన చోట కాక పక్కన పలుకుతుంటే సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ (నొక్కిన చోటును తెరకు సరిగా చూపే అమరిక) తెరిచి, కనిపించే గుర్తుల సరిగ్గా నడుమ ప్లాస్టిక్ మొనతో నొక్కండి. బాల్‌పెన్ మాత్రం వాడొద్దు. పూత చిట్లిపోతే ఆ భాగం సరిగా పలకదు, క్యాలిబ్రేషన్‌తో అది బాగుపడదు.

ఫోన్‌ది కెపాసిటివ్ తెర. గాజు కింద సన్నని ఎలక్ట్రోడ్‌లు, అంటే కరెంటు పారే గీతలు, అడ్డంగా, నిలువుగా వలలా ఉంటాయి. ప్రతి కూడలిలోని కెపాసిటెన్స్‌ను, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యాన్ని, కంట్రోలర్ అనే చిప్ సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. వేలు దగ్గరకొస్తే విద్యుత్ క్షేత్రంలో కొంత ఒంట్లోకి మళ్లి ఆ విలువ తగ్గుతుంది. తగ్గేది ఒక పికోఫారడ్ (కెపాసిటెన్స్‌కు చాలా చిన్న కొలమానం) కన్నా తక్కువే. ఎండిన గోరు విద్యుత్‌ను దాదాపు పోనివ్వదు కాబట్టి తెరకు అది కనిపించదు. ఎంత గట్టిగా నొక్కినా ఫలితం లేదు.

ప్రశ్న: రబ్బరు మొన స్టైలస్‌తో (తెరపై రాసే పెన్నుతో) రాస్తే అక్షరాలు మొద్దుగా వస్తున్నాయి. సన్న మొనది కొనవచ్చా? ఒక ట్యాబ్లెట్ పెన్ను ఇంకోదానిపై పనిచేస్తుందా?

జవాబు: రబ్బరు మొన 5 నుంచి 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది కావాలనే. అంతకన్నా చిన్న స్పర్శను కంట్రోలర్ పొరపాటు సంకేతంగా తీసి పారేస్తుంది. పైగా ఆ రబ్బరు నుంచి మీ చేతి దాకా విద్యుత్ దారి ఉండాలి. అనుమానం ఉంటే స్టైలస్‌ను మందపాటి పొడి గుడ్డతో పట్టుకుని చూడండి. పలకడం తగ్గితే దారి చేతి నుంచే వెళ్తోందన్నమాట.

సన్న మొన కావాలంటే బ్యాటరీ పెన్ను తీసుకోవాలి. అది సొంతంగా సంకేతం పంపి, తనను వేలిగా నమ్మిస్తుంది. ‘అన్ని తెరలకూ’ అని అమ్మేవాటిలో సాధారణంగా ఒత్తిడి గుర్తింపు ఉండదు, గీత మందం మారదు. బొమ్మలు వేసేవారు ట్యాబ్లెట్ తయారీదారు సూచించిన పెన్నే కొనాలి. పెన్నూ తెరా ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలి కాబట్టి యాపిల్ పెన్సిల్ ఐప్యాడ్‌పైనే, అదీ దానికి సరిపడే మోడల్‌పైనే పనిచేస్తుంది. వాకామ్ కంపెనీ ఈఎంఆర్ (విద్యుదయస్కాంత పద్ధతి) పెన్నుకు బ్యాటరీ అక్కర్లేదు. తెర వెనకున్న పలక పంపే అయస్కాంత క్షేత్రం నుంచి పెన్నులోని కాయిల్ శక్తి తీసుకుంటుంది. ఆ పలక లేని ట్యాబ్లెట్‌పై ఆ పెన్ను పనికిరాదు.

ప్రశ్న: ఛార్జింగ్ పెట్టగానే ఫోన్ తనంతట తానే నొక్కుకుంటోంది.

జవాబు: ఎక్కువసార్లు తప్పు తెరది కాదు, ఛార్జర్‌ది. నాసిరకం ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ రొద, వేలు తెచ్చే ఆ చిన్న మార్పులాగే తెరకు కనిపిస్తుంది. ముందు కేబుల్ పీకి చూడండి. ఆగిపోతే ఫోన్‌తో వచ్చిన ఛార్జర్ వాడండి. ఆగకపోతే తడి, చెమట తుడిచి, అంచులు లేచిన టెంపర్డ్ గ్లాస్ తీసేసి మళ్లీ చూడండి. నీటి చుక్క కూడా తెరకు వేలిలాగే కనిపించవచ్చు. అప్పటికీ పోకుండా, తెర ఒక పక్క ఉబ్బి కనిపిస్తే లోపలి బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. దాన్ని నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, వెంటనే మార్పించండి.

ప్రశ్న: తరగతి గదిలోని పెద్ద బోర్డుపై చొక్కా చేయి తగిలినా గీత పడుతోంది.

జవాబు: అది ఇన్‌ఫ్రారెడ్ రకం కావచ్చు. చట్రం లోపల కనిపించని కాంతి కిరణాలు అటూ ఇటూ పారుతుంటాయి. వాటిని ఏది అడ్డుకున్నా స్పర్శే. చొక్కా చేయి పైకి మడుచుకోండి. ఏమీ తాకకుండానే గీతలు పడుతుంటే చట్రం లోపలి అంచుల్లోని దుమ్మును పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నేరుగా పడే ఎండ కూడా సెన్సార్లను తికమక పెడుతుంది, కిటికీ తెర వేసి చూడండి.