పాత ఇంటి సామాను విలువంతా విప్పే రోజునే తేలుతుంది

కూల్చబోతున్న పెంకుటింటి సామానుతో కొత్త ఇంట్లోనూ పెరట్లోనూ ఏమేమి చేసుకోవచ్చని మీరు అడిగారు. ఏమి చేసుకోవాలన్నది తరువాతి మాట. ఇంటిని ఎవరి చేత, ఏ పద్ధతిలో విప్పిస్తున్నారన్నదే అసలు ప్రశ్న అని నా గట్టి నమ్మకం. అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన మండువా లోగిలిని (నడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారాలూ గదులూ ఉన్న ఇంటిని) దగ్గరుండి విప్పించిన అనుభవంతో చెబుతున్నాను: యంత్రం ఒకసారి గోడకు తగిలిన తరువాత మిగిలేది విరిగిన ముక్కల రద్దే కాని సామాను కాదు.

మా ఇంటికీ ఒక కంట్రాక్టరు వచ్చి, ఒక్క రోజులో స్థలం చదును చేసి అప్పగిస్తానని, కలపా పెంకూ ఇటుకా అన్నీ కలిపి గంపగుత్తగా ఇంత ఇస్తానని ఒక ధర చెప్పాడు. మా తమ్ముడు సరేననబోయాడు. అప్పుడు, మా నాన్నగారి కాలం నుంచి ఆ ఇంటి తలుపులూ కిటికీలూ చూసుకుంటున్న ఊరి వడ్రంగి, మాట్లాడకుండా మండువాలో నిచ్చెన వేసుకుని దూలం దాకా ఎక్కి, నల్లబడిపోయిన ఆ కర్ర మీద ఉలితో గోరంత మేర చెక్కాడు. ఆ గాటులో పసిమి రంగు తేలింది. కింద నిలబడ్డ మాకు కూడా టేకు వాసన తెలిసింది.

“ఇది ఇంకా పనికొస్తుందా బాబాయ్?” అని అడిగాను.

“పైన నలుపంతా వంటింటి పొగండి మేస్టారూ. లోపల చేవ, అదే నడిమి గట్టి కర్ర, చెక్కుచెదర్లేదు. గోడలో కూర్చున్న కొసే కాస్త గుల్లయిందండి, అంతవరకు కోసి పారేద్దాం” అన్నాడు.

గోడలోని కొస మాత్రమే చెడడానికి కారణం ఉంది. డెల్టాలో భూగర్భ జలం చాలా పైనే ఉంటుంది కనుక ఆ చెమ్మ ఇటుకల గుండా పైకి పాకుతుంది, ఆ చెమ్మను పట్టుకుని చెదలు వస్తాయి, గాలి ఆడని చోట కర్ర లోలోపలే తినుకుపోతుంది. మండువా స్తంభాలను రాతి దిమ్మల మీద నిలిపారు కనుక, 1986 ఆగస్టు వరదలో నీరు లోగిట్లో నిలిచినా వాటి అడుగులు పాడుకాలేదు. గోదావరి మీద తెప్పలుగా కట్టి మన్యం నుంచి రాజమండ్రికి దించిన ఆ కాలపు టేకులో, చేవదేలిన భాగాన్ని చెదలు తేలికగా ముట్టవు. చేవ చుట్టూ తెల్లగా ఉండే భాగాన్నే తింటాయి. అందుచేత పాత కలపను కొనేటప్పుడు గానీ దాచుకునేటప్పుడు గానీ సుత్తితో తట్టి, గుల్ల శబ్దం వచ్చిన మేర గుర్తు పెట్టుకుని, అంతవరకే కోయించాలి.

సింహద్వారం విప్పిన పూట నాకు కళ్లకు కట్టినట్లుంది. ఆ ద్వారబంధంలో ఎక్కడా ఇనుప మేకు లేదు. ఒక చెక్క కొసను మరొక చెక్కలో తొలిచిన గాడిలోకి దించి, అడ్డంగా కర్ర చీలలు బిగించారు. చీల ఒకవైపు లావుగా, మరొకవైపు సన్నగా ఉంటుందట. సన్నని కొస ఏ వైపు ఉందో వేలితో తడిమి చూసి, అటు నుంచి చిన్న కర్ర ముక్క అడ్డం పెట్టి కొడితే, అన్నేళ్లుగా బిగిసి ఉన్న చీల ఒక్క పగులు కూడా లేకుండా బయటికి జారింది. విడిపోయిన ప్రతి ముక్క మీదా సుద్దముక్కతో దిక్కు, వరుస అంకె రాయించాను. గడపను కదిలించే ముందు మా అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ ద్వారబంధమే ఇప్పుడు మా కొత్త ఇంటికి వీధి గుమ్మంగా నిలబడి ఉంది. పెద్ద దూలం ఉయ్యాల బల్ల అయింది. ఇలాంటి తలుపులను పట్నాల నుంచి వచ్చే వ్యాపారులు కారుచౌకగా కొనుక్కుపోయి, రిసార్టుల్లో గోడలకు అలంకారంగా బిగిస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. తలుపు తెరుచుకోవాలి, మూసుకోవాలి.

పైకప్పుకు వస్తే, 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెట్టిన కార్ఖానాతో ప్రచారంలోకి వచ్చిన బంగళా పెంకు ఒకదానిలో ఒకటి గాడి పట్టి కూర్చుంటుంది కనుక, కొప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి ఒక్కొక్కటే ఎత్తి చేతికి చేయి అందించుకోవాలి. నేల మీద పడుకోబెట్టి దొంతర పేరిస్తే అడుగువి పగులుతాయి, అంచు మీద నిలబెట్టి పేర్చాలి. వేలి కణుపుతో కొడితే ఖంగుమనేవి కొబ్బరి పీచుతో తోమి, మోటారు గదికీ కోళ్ల గూటికీ కప్పించాను. మొద్దుగా మోగినవి మొక్కల పాదుల చుట్టూ అంచులయ్యాయి.

ఇటుకల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. గానుగ సున్నంతో, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నంతో, కట్టిన గోడలో సున్నం ఇటుక కంటే మెత్తగా ఉంటుంది కనుక, తాపీ అంచుతో గీకితే రాలిపోయి ఇటుక నిండుగా చేతికి వస్తుంది. సిమెంటుతో కట్టిన గోడలో సిమెంటు వదలదు, ఇటుకే విరుగుతుంది. నేటి కట్టడాలను మన మనవలు విప్పినప్పుడు వారికి ఏమీ దక్కదన్న బాధ నాకు ఆ గోడ విప్పిస్తున్నంత సేపూ ఉంది. అయితే సముద్రం దగ్గరి ఊళ్లలో పాత ఇటుకలకు ఉప్పు పట్టి ఉంటుంది. వాటిని నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. తెల్లగా పొంగు తేలితే ఇంటి గోడకు వాడవద్దు, పూత నిలవదు. వాటిని పెరట్లో ఇసుక మీద నిలువు అంచున పరిచి బాట వేసుకోవచ్చు. మధ్యలో సిమెంటు పోయకపోతే వాన నీరు నేలలోకి ఇంకుతుంది. సున్నపు రద్దును మాత్రం నూరువరహాల మొదట్లో పోయకండి. సున్నం ఎక్కువైన నేలలో ఆ మొక్క ఇనుమును తీసుకోలేక ఆకులు పసుపు తిరుగుతాయి.

వాడకూడని సామాను కూడా ఉంది. కొబ్బరి మొద్దులను అందంగా ఉంటాయని పాదుల చుట్టూ పాతడం కోనసీమలో చేయకూడని పని. కుళ్లే మొద్దుల్లో కొమ్ము పురుగు పిల్లలు పెరుగుతాయి, పెద్ద పురుగు పక్కనున్న బతికిన చెట్టు మొవ్వును తొలిచేస్తుంది. 1996 నవంబరు తుపానుకు మా తోటలో పడిపోయిన చెట్ల మొద్దులను మా నాన్నగారు నిలవ ఉంచనివ్వక, కోయించి ఇటుక బట్టీకి పంపింది అందుకే. ఆక్వా చెరువుల దగ్గర మందులు నిలవ ఉంచిన నీలం డ్రమ్ములను కోసి ఆకుకూరలు పెంచడం కూడా నాకు సమ్మతం కాదు. పాత రంగు తలుపులను పొడిగా గీకించకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో తొంభై పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు, అంతకు ముందటి రంగులో సీసం ఉండవచ్చు. తడిపి గీకించి, రాలిన పొరలను మూట కట్టించండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

బీర, కాకర, చిక్కుడు పందిళ్లకు పాత చేపల వలను మించింది లేదు. దాన్ని నేల నుంచి మూరెడు ఎత్తున కట్టండి, నేలకు ఆనితే పాములూ తొండలూ చిక్కుకుని చనిపోతాయి.

విప్పే పని సంక్రాంతి తరువాత మొదలుపెట్టి తొలకరికి ముందే ముగించండి, పెంకు దించిన గోడ మీద వాన పడితే ఇటుకలు, కలప రెండూ తడిసి చెడతాయి. మీ ఇల్లు మట్టితో కట్టిందా, గానుగ సున్నంతోనా, సిమెంటుతోనా అన్నది రాస్తే, ఇటుకల సంగతి మీ ఇంటికి సరిపోయేలా ఇంకా వివరంగా చెప్పగలను.